దగ్గరి మాట, దూరపు మాట

ఆ చలికాలమంతా మా ఇంట్లో రెండు చోట్ల ఒకే పాఠం నడిచింది. వంటింటి గోడకు ఆనించిన చిన్న బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నేను డచ్చి భాషలో ‘ఇది’, ‘అది’ అనడం నేర్చుకునేదాన్ని. వరండాలో ఇనప జాలీ పక్కన కుర్చీలో కూర్చుని మా ఆయన తెలుగులోనే ఆ పని మొదట్నుంచి మొదలుపెట్టాడు. నాకు కొత్త భాష ఎక్కడం లేదు. ఆయనకు సొంత భాష దిగిపోయింది.

నేను భద్రాచలంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఆయన బస్సు కండక్టరు. దుమ్ముగూడెం మీదుగా చర్ల పోయే రూటు. ఆ రూట్లో ఆయన గొంతు తెలియని మనిషి లేడు. స్టాపు ఇంకా కనబడకముందే ఊరి పేరు అరిచేవాడు. సంచిలో కోడిని దాచుకుని ఎక్కిన ముసలమ్మతో, ‘అవ్వా, దానికి హాఫ్ టికెటా, ఫుల్లా?’ అనేవాడు. పెళ్ళికి ముందు మా అమ్మ ‘ఆ అబ్బాయికి నోరు తప్ప ఇంకేముందే’ అని నన్ను తిట్టిపోసింది. పెళ్ళయిన నాలుగేళ్ళకు అదే మాట ముద్దుగా అనడం మొదలుపెట్టింది.

మాకు పిల్లలు లేరు. ఉన్నదల్లా మేమిద్దరమే. నెదర్లాండ్స్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమాలకు నర్సులు కావాలని, భాష కూడా వాళ్ళే నేర్పిస్తారని ప్రకటన చూసింది నేను కాదు, ఆయనే. నేను వద్దన్నాను. ఆయన వినలేదు.

‘నువ్వు ముంగట వో. నేను ఎనకాల్నే వస్త. ఆడ బస్సులుండయా ఏంది?’ అన్నాడు. ఫోన్లో వాళ్ళ ట్రాము బళ్ళ వీడియోలు చూసి, ‘దీంట్ల కండక్టరే లేడు. పాపం, ఎట్ల నడుస్తుందో’ అని తెగ జాలిపడ్డాడు.

నేను క్లాసులో చేరిన కొన్నాళ్ళకే, ఒకరోజు పొద్దున డ్యూటీకి బయల్దేరబోతూ చెప్పులు వేసుకునే చోట పడిపోయాడు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు సగం పోయింది, మాట పోయింది. రోజూ ఇలాంటివాళ్ళకు బీపీ చూసే నేను, ఆయన మూతి వంకర పోవడం చూసి వెర్రిదానిలా ‘ఏంటా నవ్వు?’ అని కసిరాను. ఆ మాట ఇప్పటికీ చెవిలో తిరుగుతుంది.

ఖమ్మంలో మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. ఆమె మంచి మనిషి. ‘ఆయనకు మీరు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. లోపల అనుకున్న మాట బయటకు రాదు, అంతే. అవునా కాదా అని మాత్రం అడగొద్దు. ఆ రెండూ ఆయనకు కలిసిపోతున్నాయి’ అంది. నిజమే. ‘నీళ్ళు కావాలా’ అంటే ‘అవ్’ అనేవాడు. గ్లాసు ఇస్తే తోసేసేవాడు. ‘వద్దా’ అంటే దానికీ ‘అవ్’. నొప్పి ఉందా, అవ్. లేదా, అవ్. ఆ ఒక్క ‘అవ్’ ఆయన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అది ఆయన మాట కాదు, నోటికి తగులుకున్న ఒక చప్పుడు.

నా సమస్య అక్కడే మొదలైంది. క్లాసు మానాలో వద్దో తేల్చుకోవాలి. తీరా ఉద్యోగం వస్తే వెళ్ళాలో వద్దో తేల్చుకోవాలి. ఈ పని మొదలుపెట్టించింది ఆయన. ఆపమని గానీ, సాగించమని గానీ చెప్పాల్సింది ఆయనే అని నాకు పట్టుదల. చుట్టాలు, ఆసుపత్రిలో తోటివాళ్ళు, ఎదురింటివాళ్ళు అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. వాళ్ళ సలహాలు నాకెందుకు? నాకు ఆయన మాట కావాలి. పొమ్మంటాడా, ఉండమంటాడా? ఆ ఒక్కటీ చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు.

క్లాసు మానలేదు. ఆయన ఇక డ్యూటీకి వెళ్ళలేడు, ఇల్లు నా సంపాదన మీదే నడవాలి, అది ఒక కారణం. రెండో కారణం, రోజు మొత్తంలో నేను కుర్చీలో కూర్చునేది ఆ గంటే.

అమ్మ తల్లాడ నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు, సాయంత్రం క్లాసులో ఉన్నప్పుడు ఆయన్ని చూసుకునేది. ఒకప్పుడు ఈ పెళ్ళికి రానని తలుపేసుకున్న మనిషి, ఇప్పుడు అల్లుడికి గడ్డం గీసేది. ‘కదలకు బాబూ, కోస్తే నా కూతురు నన్ను చంపుతుంది’ అంటూ.

ఇక డచ్చి సంగతి. మా టీచరు పుణె నుంచి పాఠం చెప్పేది. భర్త డచ్చివాడు, చాలా ఏళ్ళు అక్కడ ఉండి వచ్చింది. ఆవిడ మొదటిరోజే చెప్పింది, ఆ భాషలో వస్తువుల పేర్లన్నీ రెండు జట్లుగా ఉంటాయని. ఒక జట్టుకు ముందు ‘దె’ పెట్టాలి, రెండో జట్టుకు ‘హెత్’ పెట్టాలి. ఎందుకు అని అడగకూడదు. తలుపు ఒక జట్టు, మంచం ఇంకో జట్టు. చెయ్యి ఒక జట్టు, కాలు ఇంకో జట్టు. ఒకే ఒంటి మీద ఉన్నవాటికి కూడా సయోధ్య లేదు.

దీనివల్ల మన ‘ఈ’, ‘ఆ’లు వాళ్ళకు నాలుగయ్యాయి. దగ్గరిది మొదటి జట్టుదైతే ‘దేజ’. దగ్గరిది రెండో జట్టుదైతే ‘దిత్’. దూరపుది మొదటి జట్టుదైతే ‘దీ’. దూరపుది రెండో జట్టుదైతే ‘దత్’. చెప్పుకోవడానికి ఇంతే. నోరు తెరిచి ‘ఆ తలుపు వెయ్యి’, ‘ఈ మంచం జరుపు’ అనే లోపల తల ప్రాణం తోకకొచ్చేది. మంచం పేరు తెలుసు, దూరంగా ఉందని తెలుసు, అది ఏ జట్టో గుర్తొచ్చేసరికి రోగి పడుకుని లేచి ఇంటికి వెళ్ళిపోతాడు.

‘దేజ, దిత్ చేతికి అందేవాటికి. దీ, దత్ వేలికి మాత్రమే అందేవాటికి’ అని టీచరు ఒక గుర్తు చెప్పింది. బాగుందనిపించి రాసుకున్నాను.

ఒక సాయంత్రం బొమ్మ చూపించి వాక్యం చెప్పమంది. బొమ్మలో దూరంగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నేను ధీమాగా ‘దత్ వ్రౌ’ అన్నాను. ఆ స్త్రీ, అని.

‘దత్ కాదు, దీ. దీ వ్రౌ’ అంది టీచరు. ‘ఈ తప్పు నాలుగోసారి చేస్తున్నారు. స్త్రీని ఎప్పుడూ దత్ అనే అంటారేం?’

ఏం చెప్పను? మా భాషలో ఆడమనిషిని, ఆవును, బిందెను కలిపి ‘అది’ అనేస్తాం, అందుకని నాకు మనసులో ‘అది’ మెదులుతుంది, నోట్లోంచి ‘దత్’ వస్తుంది, అని చెప్పాను. కోపంగానే చెప్పాను. గౌరవం ఉంటే ‘ఆమె’, లేకపోతే ‘అది’. అది వచ్చింది అంటే గేదె కావచ్చు, వాన కావచ్చు, పెళ్ళాం కావచ్చు. అదే నలుగురం కలిసి వస్తే మాత్రం ‘వాళ్ళు వచ్చారు’ అంటారు. ఒక్కతిగా ఉంటే వస్తువులతో కలుపుతారు, గుంపుగా ఉంటే మనుషులతో కలుపుతారు. బడిలో ఈ వ్యాకరణం చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. పరాయి భాష వచ్చి చూపిస్తే ఒళ్ళు మండింది.

టీచరు నవ్వింది. ‘ఈ భాషను చూసి మీరు మరీ సంబరపడకండి. వీళ్ళకు కూడా ఆడపిల్ల వస్తువుల జట్టే. మెయ్‌శె అంటే ఆడపిల్ల. దత్ మెయ్‌శె అనాలి. పెద్దయితేనే దీ’ అంది. తర్వాత ఇంకో సంగతి చెప్పింది. పేరు చెప్పకుండా ఒక మనిషిని ఉత్త ‘ఆమె, ఆ మనిషి’ అని చూపించాలన్నా ‘దీ’ ఒక్కటే చాలట. అయితే ఎవరినైనా పరిచయం చేసేటప్పుడు మాత్రం జట్లేవీ చూడకుండా దిత్, దత్ అనే అంటారట. ఈయన మా ఆయన, ఆవిడ మా అమ్మ, ఇలా. అప్పటికి నాకు ఓపిక అయిపోయింది. తల ఊపాను.

ఇదంతా నడుస్తుండగా అమ్మ ఒక కొత్త బెంగ తెచ్చింది.

‘అల్లుడికి మతి కూడా పోతోందేమోనే’ అంది ఒకరోజు, నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే. ‘వరండాలో కూర్చోబెడతానా, ఐదు నిమిషాలు కాగానే గది, గది అంటాడు. సరే పాపం పడుకుంటాడేమో అని రెక్క పట్టుకుని లేపి గదిలోకి తీసుకెళ్తానా, అక్కడా గది, గది అని ఒకటే అరుపు. గదిలోనే ఉన్నాం కదా బాబూ అంటే నన్ను కొట్టడానికి వస్తాడు. నా నడుం పడిపోతోందే.’

నేను కూడా చూశాను, చూసి అమ్మలాగే అనుకున్నాను. నేనున్నప్పుడు కూడా ఆయన ‘గది’ అనేవాడు. నేనూ లోపలికే తీసుకెళ్ళేదాన్ని. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మెదడు దెబ్బ తిన్నవాళ్ళకు ఊరికే ఏడుపు వస్తుందని మాకు చదువులో చెప్పారు. అలాగే సరిపెట్టుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని వల్లె వేస్తున్నాను. ఈ తలుపు, ఆ తలుపు. ఈ మంచం, ఆ మంచం. ఒక్కో వస్తువు వైపూ వేలు చూపించి మరీ చదవాలని టీచరు చెప్పింది. తలెత్తితే వరండాలో ఆయన కనబడ్డాడు. ఎడమ చెయ్యి చాపి వేలు చూపిస్తున్నాడు. జాలీ అవతల, పిట్టగోడ మీద ఆయన పొగరంగు టోపీ ఉంది. అమ్మ ఎండకు పెట్టి మరిచిపోయినట్టుంది.

‘గది’ అన్నాడు. వేలు అక్కడే ఉంచి మళ్ళీ అన్నాడు. ‘గది.’

‘వస్తున్నా, వస్తున్నా’ అంటూ అమ్మ వచ్చి గదిలోకి తీసుకెళ్ళడానికి ఆయన రెక్క పట్టుకుని లేపబోయింది.

నేను కుర్చీ తన్నేసి లేచాను. ‘అమ్మా, వదులు! ఆయన అంటోంది గది కాదు. అది. అది అంటున్నాడు!’

దుమ్ముగూడెం పక్క గూడెం వాళ్ళది. వాళ్ళింట్లో ఇది గిది, అది గది, ఇట్లా గిట్ల, అట్లా గట్ల. నాకు తెలియని సంగతా? పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో ఆ మాటల మధ్యే మూడు నెలలున్నాను. అయినా నాకు తట్టలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఆయన నోట ‘గది’ వినక పదేళ్ళు దాటింది.

ఎందుకు మానేశాడో కూడా నాకు తెలుసు. మా తాతలు కృష్ణా జిల్లా నుంచి పొలాలు కొనుక్కుని తల్లాడ వచ్చారు. మా ఇంటి మాట ఇప్పటికీ అటువైపే ఒరుగుతుంది. కొత్తల్లుడుగా మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర ఆయన మా పెదనాన్న కొడుకుతో, పచ్చడి గిన్నె చూపించి ‘బావా, గది జర ఇటియ్యి’ అన్నాడు. మావాడు ఉన్నచోటు నుంచి లేచి, ‘గది ఇవ్వాలంటే ఇటుకలు ఊడదీయాలి బావా, పచ్చడైతే ఇప్పుడే ఇస్తా’ అన్నాడు. బంతిలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత మా వాళ్ళ ముందు ఎప్పుడూ ‘అది’ అనేవాడు. కొన్నాళ్ళకు నా ముందు కూడా. చివరకు ఇద్దరమే ఉన్నప్పుడు కూడా. మా కోసం నేర్చుకున్న ‘అది’ని రక్తపు గడ్డ ఎత్తుకుపోయింది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న ‘గది’ని మాత్రం ముట్టలేదు.

అమ్మ పిట్టగోడ మీది టోపీ తెచ్చి ఆయన తల మీద పెట్టింది. ఆయన ‘గిది’ అన్నాడు, టోపీని ఎడమ చేత్తో అదుముకుని. అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ‘ఇన్నాళ్ళూ మనిషి దాహం అంటే గదిలో పెట్టి తలుపు మూశాను కదే’ అని. ఆ రోజంతా ఇంట్లో ఉన్న వస్తువులన్నీ మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. ‘గది అంటే ఇదా బాబూ? పోనీ ఇదా?’ అంటూ. జల్లెడ కూడా తెచ్చింది. ఆయనకు ఆ జబ్బులో అదే మొదటిసారి నవ్వు రావడం.

అప్పటినుంచి నాకు రెండు క్లాసులు. సాయంత్రం పుణె టీచరు దగ్గర, మిగతా వేళల్లో వరండాలో. ఆయన వేలు ఎటు చూపిస్తుందో, ఆయన ఏ మాట అంటాడో కనిపెట్టడమే పని. మొదట్లో తేలికే అనిపించింది. చేతికి అందేది గిది, అందనిది గది. టీచరు గుర్తే సరిపోయింది.

కానీ ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే, తన ఒళ్ళో పడి ఉన్న కుడి చెయ్యి చూపించి ‘గది’ అన్నాడు. దాన్నీ తుడవమంటున్నాడు. నేను అర్థం కాక చుట్టూ చూశాను. మళ్ళీ ఆ చేతి మీదే వేలు ఆనించి ‘గది’ అన్నాడు. స్పర్శ లేని చెయ్యి కదా. ఒంటి మీదే ఉన్నా ఆయనకు అది దూరపుది అయిపోయింది. నేను తల వంచుకుని దాన్ని తుడుస్తూ కూర్చున్నాను. నర్సుగా ఎన్ని చచ్చిన చేతులు తుడవలేదు నేను? ఈ ఒక్కదాని దూరం కనిపెట్టలేకపోయాను.

నన్ను మాత్రం ఎక్కడున్నా గిది అనేవాడు. వీధి గేటు తీసుకుని నేను లోపలికి వస్తుంటే, అమ్మకు చూపించి, ‘గిది’ అనేవాడు. వాళ్ళ పల్లెలో మొగుళ్ళు పెళ్ళాన్ని అనే మాటే, ఇది వచ్చింది అన్నట్టు. నేను ఆసుపత్రి నుంచి వీడియో కాల్ చేస్తే ఫోన్లో నా బొమ్మ మీద వేలు పెట్టి ‘గిది’ అనేవాడు. ఆసుపత్రి ఉన్న గోదావరి అవతలి ఒడ్డు నుంచి మాట్లాడినా గిదినే. బిందెకూ నాకూ ఒకటే మాట అని టీచరుతో కోపంగా చెప్పానే, ఆ మాటే గేటు దగ్గర వినబడితే నాకు ప్రాణం లేచొచ్చేది. ఇంతలో కోపం, ఇంతలో ప్రేమ. నా సంగతి నాకే అర్థమయ్యేది కాదు.

అయినా అసలు ప్రశ్న అలాగే ఉంది. వెళ్ళనా, ఉండనా? ఖమ్మం డాక్టరమ్మ చెప్పినట్టు అవునా కాదా అని అడగడం మానేసి బొమ్మలు పెట్టి చూశాను. ఒకవైపు డచ్చి ఊరి బొమ్మ, ఒకవైపు మా ఇంటి ఫొటో. ఆయన రెండూ ఎడమ చేత్తో దగ్గరకు లాక్కుని ఒకదాని మీద ఒకటి పెట్టి పక్కకు జరిపేశాడు. ఇంకోసారి విమానం బొమ్మ చూపిస్తే బస్సు అనుకున్నాడో ఏమో, టికెట్లు చింపే వేళ్ళ కదలిక చేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతలో కబురు వచ్చింది. అక్కడి ఆశ్రమం వాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూ చేస్తారట, వచ్చే వారమే. వస్తానో రానో వెంటనే చెప్పమన్నారు. ఇంటర్వ్యూకు కూర్చుంటానని చెప్పి ఫోను పెట్టేశాను. తిన్నగా వరండాలోకి వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాను.

‘చూడు, ఇక లాభం లేదు. నువ్వే చెప్పాలి. నేను పోనా?’

‘అవ్.’

‘ఉండనా?’

‘అవ్.’

‘ఏది అవ్? ఏదో ఒకటి చెప్పు!’

‘అవ్’ అన్నాడు, మెల్లగా.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చేతిలో ఉన్న తువ్వాలు విసిరికొట్టాను. ‘ఊరందరితో వాగావు కదా! చర్ల దాకా ప్రతి స్టాపులో వాగావు! నా దగ్గరకొచ్చేసరికి ఒక్క మాట మిగల్లేదా? నన్ను ఇందులోకి దింపింది నువ్వు. నీ మాట నమ్మి దిగాను. ఇప్పుడు నన్ను నడిమధ్య వదిలేసి కూర్చుంటే ఎలా?’ అని అరిచాను. అమ్మ తలుపు చాటున నిలబడిపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపి నా జుట్టు తడిమాడు. ‘గిది’ అన్నాడు. ‘గిది, గిది.’

ఆ మాట ఉండమనడమే అనుకున్నాను. చేతికి అందేది గిది కదా. దగ్గరుండమంటున్నాడు, అంతే. ఇంటర్వ్యూలో కూర్చుంటాను, మర్యాదగా మాట్లాడతాను, చివర్లో రాలేనని చెప్పేస్తాను అని నిశ్చయించుకున్నాను. మనసు తేలికపడాల్సింది. పడలేదు. ఇన్ని నెలలుగా నోట్లో తిప్పుకున్న భాష, ఇక పనికిరాదంటే మింగుడు పడలేదు.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం ఆయనకు అన్నం పెట్టి, వరండాలో కూర్చోబెట్టి, నేను ఇస్త్రీ చీర కట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. తెర మీద ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లటి పొట్టి జుట్టు, మెడలో కళ్ళద్దాల గొలుసు. ఆ ఆశ్రమానికి పెద్ద నర్సట. మెల్లగా, విడివిడిగా మాట్లాడింది. ఒక బొమ్మ చూపించి చెప్పమంది. వార్డులో మంచాలు, కుర్చీల్లో ముసలివాళ్ళు. నేను దగ్గర కూర్చున్నావిడను ‘దేజ వ్రౌ’ అన్నాను. అవతల ఉన్న మంచాన్ని ‘దత్ బెద్’ అన్నాను. ఎక్కడా తప్పు రాలేదు. వదులుకుందామనుకున్న పని కాబట్టి భయం లేదు, భయం లేదు కాబట్టి మాట తడబడలేదు.

వెనకాల చప్పుడైంది. చూస్తే ఆయన. ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, కుడి కాలు ఈడ్చుకుంటూ, వరండా నుంచి వంటింటి దాకా ఎవరి సాయమూ లేకుండా నడిచి వచ్చాడు. వెనకాల అమ్మ, ‘బాబూ, ఆగు బాబూ’ అని చేతులు చాపుకుని వస్తోంది. అప్పటిదాకా ఆయన అంత దూరం ఒంటరిగా నడిచింది లేదు.

తెర మీద ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసింది. ‘వీ ఇస్ దత్?’ అంది. ఎవరది?

‘దిత్ ఇస్ మెయిన్ మన్’ అన్నాను. ఈయన మా ఆయన.

ఆవిడ చెయ్యి ఊపింది. ఆయన కర్రను బల్లకు ఆనించి, ఎడమ చెయ్యి ఖాళీ చేసుకుని తనూ ఊపాడు. కండక్టరు మర్యాద ఎక్కడికి పోతుంది? ఆవిడ నవ్వి, నా వైపు తిరిగి, మీరు ఇంత దూరం రావడం గురించి మీ ఆయన ఏమంటారు అని అడిగింది.

చలికాలమంతా నేను అడిగిన ప్రశ్న. రాలేనని చెప్పడానికి ఇదే సమయం, నోరు తెరవాలి. తెరవలేక ఆయన వైపు తిరిగాను. ఎందుకో ఆయన ఇంటి మాటలోనే అడిగాను.

‘గామె అడుగుతుంది. నన్ను ఏం చెయ్యమంటవ్?’

ఆయన ‘అవ్’ అనలేదు. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎడమ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. గిది అంటాడని ఎదురుచూశాను. దేవుడా, ఆ మాట అనిపించు, ఇక్కడితో నా బాధ తీరిపోతుంది అనుకున్నాను. ఆయన నా చెయ్యి పైకెత్తాడు. నా చేత్తోనే తెర వైపు, ఆ తెల్లజుట్టు ఆవిడ వైపు చూపించాడు.

‘గది’ అన్నాడు.

నేను వినలేదేమో అనుకున్నాడు. స్టాపు పేరు అరిచినట్టు, స్పష్టంగా, నా చెయ్యి తెర వైపు తోస్తూ మళ్ళీ అన్నాడు. ‘గది.’

ఎన్నడూ నన్ను ఆ మాట అనలేదు. గోదావరి అవతల ఉన్నప్పుడు అనలేదు. ఇప్పుడు, చెయ్యి పట్టుకుని ఉండి, అన్నాడు. నన్ను దూరపుదాన్ని చేసి, అటు పొమ్మంటున్నాడు. ఆ జబ్బు చేతిని అన్నాడే, అదే మాట. తను నడిచి వచ్చి మరీ అన్నాడు. నాకు అర్థం కాలేదని అబద్ధం ఆడడానికి లేదు.

‘ఏమన్నారు?’ అని ఆవిడ అడిగింది.

పదాలు వెతుక్కోవాల్సిన పని పడలేదు. పేరు చెప్పకుండా ఒక మనిషిని దూరంగా చూపించే మాట. స్త్రీకి ‘దత్’ కాదు.

‘హెయ్ జెఖ్త్: దీ’ అన్నాను. ‘ఆమె’ అంటున్నారు, అని.

ఆవిడకు నేను చెప్పింది ఎలా వినబడిందో ఏమో, నర్సుల వరుసలోంచి ఆయన నన్నే ఏరి చూపించినట్టు అనుకుంది. పకపకా నవ్వింది. ‘దీ? యా, దీ నేమెన్ వె’ అంది. ఆమేనా? అయితే ఆమెనే తీసుకుంటాం.

‘ఏమందే ఆవిడ? ఎందుకు నవ్వుతోంది?’ అని అమ్మ వెనక నుంచి అడుగుతోంది.

‘నన్ను తీసుకుంటారంట’ అన్నాను. అలా అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పడిపోయిన నాడు మూతి వంకర పోయినప్పుడు కూడా నేను అలా ఏడవలేదు. తెర మీద ఆవిడ అది సంతోషమనుకుని మెల్లగా చప్పట్లు కొట్టింది. ఆయన తెర వైపే చూస్తున్నాడు. నా మణికట్టు మాత్రం ఇంకా వదల్లేదు.